ఆట కొఱకు పుట్టిన అక్షరములు

అక్షరమను మాటకు నశింపనిదని అర్థము. అక్షరము నశింపకున్నను, దాని రూపము మాత్రము అది నిలిచిన చోటును బట్టి మారుచునే యున్నది. రాతిపై ఉలితో చెక్కిన అక్షరము ఒక తీరు; తాటియాకుపై గంటముతో గీసిన అక్షరము మఱియొక తీరు. గంటపు మొన ఆకు ఈనెల వెంట సూటిగా సాగినచో ఆకు చీలును. కనుకనే మన తెలుగు అక్షరములు గుండ్రదనమును అలవఱచుకొన్నవని పెద్దలు చెప్పుదురు. పిమ్మట అచ్చుయంత్రము వచ్చెను. సీసపు అచ్చులలో ఒదుగుటకై అక్షరము మరల తన రూపమును దిద్దుకొనెను. నేడది కంప్యూటరు తెరపై వెలుగుచున్నది. అట్టి తెరపై ఆడెడి ఒక ఆట కొఱకు పుట్టి, ఆటను దాటి లోకమున కెల్ల సొత్తైన అక్షరముల కథను ఈ పాఠమున తెలిసికొందము.

వీడియో ఆట ఆడువారిని మీరు చూచియే యుందురు. ఆటగాని చూపు తెర నడుమ నిలిచియుండును. ఎదుట గోడలు, మెట్లు, వంతెనలు క్షణక్షణము మారిపోవుచుండును. ప్రత్యర్థి ఏ మూలనుండి వచ్చునో తెలియదు. తెర అంచున కొన్ని అంకెలు వెలుగుచుండును. తనకు మిగిలిన బలమెంత, కవచమెంత, తూటాలెన్ని అను సంగతులను ఆ అంకెలే తెలుపవలెను. వానిని తీరికగా చదువుటకు ఆటగానికి వ్యవధి లేదు. కంటికొనతో ఒక్కమారు చూచి గ్రహింపవలెను. 30ని 80గా పొరబడి అతడు ముందునకు దూకెనా, ఆట అంతటితో ముగియును. పుస్తకము చదువువాడు ఒక మాట తెలియకున్న వెనుకకు మరలి చదువుకొనగలడు. ఆటలోని అక్షరమునకు అట్టి రెండవ అవకాశము లేదు.

కావున ఆట కొఱకు అక్షరములను గీయువాడు అందము నొక్కదానినే చూచుకొన్న చాలదు. సున్నకును ఇంగ్లీషు 'ఓ' అక్షరమునకును భేదము తెలియవలెను. ఒకటవ అంకెకును 'ఐ' అక్షరమునకును భేదము తెలియవలెను. 5ను చూచి 'ఎస్' అనియు, 8ని చూచి 'బి' అనియు భ్రమపడు వీలుండరాదు. అంకెలన్నియు ఒకే వెడల్పున నుండుటయు మంచిది. లేనియెడల 99 పోయి 100 వచ్చునప్పుడు మాత్రమే కాదు, 11 పోయి 12 వచ్చునప్పుడును అంకెల వరుస అటునిటు కదలి కంటిని కలవరపెట్టును. ఇట్టి చిన్న చిన్న జాగ్రత్తలు ఎవరికిని కనబడవు. అవి లోపించిననాడు మాత్రము అందఱికిని కనబడును.

తొలినాళ్లలో ఆటల అక్షరములు కడు పేదవి. 1970 తరువాతి సంవత్సరములలో అంగళ్లలో నిలిపిన ఆటయంత్రముల జ్ఞాపకశక్తి మిక్కిలి స్వల్పము. అందుచే ఒక్కొక్క అక్షరమునకు అడ్డముగా 8, నిలువుగా 8, వెరసి 64 గళ్లు మాత్రమే కేటాయించుట వాడుకయయ్యెను. ప్రతి గడియు వెలుగవలెనో ఆరియుండవలెనో తెలిపిన చాలును. దాని కొక బిట్టు పట్టును. 64 బిట్లు అనగా 8 బైట్లు. ఇంగ్లీషు అక్షరములు 26, అంకెలు 10, మొత్తము 36. వీని కన్నిటికిని కలిపి 288 బైట్లు చాలును. ప్రక్క అక్షరమునకును పై వరుసకును తగులకుండుటకై ఒక అంచు గళ్లను విడిచిపెట్టినచో, గీయుటకు మిగులునది 7 గళ్ల పొడవు, 7 గళ్ల వెడల్పు గల చిన్న చతురము.

అంత చిన్న చోట గూడ నేర్పరులు చక్కని అక్షరములను నిలిపిరి. 1976లో అమెరికాలోని కీ గేమ్స్ అను సంస్థ 'క్విజ్ షో' అను ఆటను వెలువరించెను. దానికై లైల్ రెయిన్స్ అను నతడు గీసిన అక్షరముల తీరు ఇతర ఆటలకును ప్రాకెను. జపాను దేశమునందలి నామ్‌కో సంస్థవారి ఆటలలో అది స్థిరపడెను. 1980లో వెలువడి లోకమంతట పేరుపొందిన 'పాక్‌మాన్' ఆటలో కనబడునవి ఆ తీరు అక్షరములే. ఆ ఆట నాడిన లక్షలమంది ఆ అక్షరములను చదివిరి. వానిని గీసిన చేయి ఎవరిదో తెలిసినవారు మాత్రము బహు కొద్దిమంది.

మీరొక గళ్ల పుస్తకమును తీసికొని యీ పనిని చేసి చూడుడు. 7 గళ్ల చతురములో ఇంగ్లీషు 'ఎ' అక్షరమును గీయుడు. సుళువుగా అమరును. పిమ్మట అదే చతురములో తెలుగు 'స్త్రీ' అను అక్షరమును గీయుడు. తలకట్టు స్థానమున గుడిదీర్ఘమున్నది. దాని క్రింద సకారమున్నది. దానికి తకారపు ఒత్తును రకారపు ఒత్తును చేరవలెను. ఏ గడిని వెలిగింతురు, ఏ గడిని విడుతురు? ఒక లిపికి చాలినంత చోటు మఱియొక లిపికి చాలకపోవుట ఆ లిపి దోషము కాదు. చోటును కొలిచినవాడు ఏ లిపిని తలంచుకొని కొలిచెనో, ఆ లిపికే అది సరిపోయినది.

కాలక్రమమున తెరలు సూక్ష్మములైనవి. యంత్రముల జ్ఞాపకశక్తి పెరిగినది. అక్షరములను గళ్లతో గాక గీతలతో వ్రాయు పద్ధతి వచ్చెను. ఒక భాషకు వలయు అక్షరములు, అంకెలు, గుర్తులు అన్నింటి రూపములును కూర్చియుంచిన కట్టకు ఫాంటు అని పేరు. పూర్వము ముద్రణశాలలోని అచ్చుల పెట్టె యెట్టిదో, నేటి కంప్యూటరునకు ఫాంటు అట్టిది.

ఇప్పుడు ఒక ఆటను గూర్చి చెప్పవలసియున్నది. 2005వ సంవత్సరమున 'నెక్సూయిజ్' అను ఆట వెలువడెను. దానిని వేర్వేరు దేశములలోని ఔత్సాహికులు తమ తీరిక వేళలలో కలిసి నిర్మించిరి. దాని లోపలి వ్రాతను ఎవరైనను చూడవచ్చును, దిద్దవచ్చును, ఇతరులకు పంచవచ్చును. ఇట్టి హక్కులను వ్రాతపూర్వకముగా ఇచ్చు 'గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు' అను అనుమతిపత్రముతో వారు దానిని లోకమునకు విడిచిరి. 2010లో ఒక చిక్కు వచ్చెను. ఆ ఆటను ఆరంభించినవారు దాని పేరును ఒక వాణిజ్యసంస్థ వాడుకొనుటకు అనుమతించిరి. ఆ పేరుతో క్రొత్తగా వ్యాపారపు ఆట యొకటి సిద్ధము కాసాగెను. ఏండ్ల తరబడి పాటుపడిన పెక్కుమందికి ఇది కష్టము కలిగించెను. వారు కోర్టుల చుట్టు తిరుగలేదు. చేతులు ముడుచుకొని కూర్చుండను లేదు. పేరు పోయినను తాము చేసిన పని పోలేదని గుర్తించిరి. అనుమతిపత్రము ఆ పనిని అందఱిదిగా చేసి యుంచినది గదా! ఆ పనినే పునాదిగా గైకొని అదే సంవత్సరమున 'జొనోటిక్' అను క్రొత్త పేరుతో ఆటను మరల నిలిపిరి.

ఇచ్చట ఒక విషయమును శ్రద్ధగా గమనింపవలెను. వస్తువునకు నామము, రూపము అని రెండు గలవు. జొనోటిక్ నిర్మాతలు నామమును పోగొట్టుకొనిరి. రూపము మాత్రము వారికి దక్కినది. దానిని కాపాడినది కత్తి కాదు, ధనము కాదు. ముందుగానే వ్రాసియుంచిన ఒక అనుమతిపత్రము. ఈ నామరూపముల మాటను జ్ఞాపకమందుంచుకొనుడు. కథ చివర ఇది మరల వచ్చును.

స్వేచ్ఛగా పంచబడు ఆటలో ప్రతి భాగమును స్వేచ్ఛగా పంచదగినదై యుండవలెను. బొమ్మలు, శబ్దములు, సంగీతముతోపాటు అక్షరములును అట్టివే కావలెను. అంగడిలో కొన్న ఫాంటులకు సాధారణముగా నిబంధనలుండును. కొన్నవాడు వాడుకొనవచ్చునే కాని ఇతరులకు పంచరాదు, మార్చరాదు. అట్టి ఫాంటును ఇట్టి ఆటలో చేర్చిన, ఆటను పంచినవాడు తెలియకయే తప్పుచేసినవాడగును. ఇంటి తలుపు లన్నియు తెఱచి ఒక్క గదికి మాత్రము పరుల తాళము వేసినట్లుండును.

ఈ కొఱతను తీర్చినవాడు సెవెరిన్ మేయర్. అతడు జొనోటిక్ ఆట కొఱకు 'జొలోనియమ్' అను ఫాంటును రూపొందించెను. దాని అక్షరములు చతురపు పోకడ గలవి. రాబోవు కాలపు యంత్రములపై చెక్కిన అక్షరములవలె అవి కనబడును. ఆటలోని లోకమునకు ఆ తీరు తగియున్నది. పిమ్మట అతడే 'ఆక్సానియమ్' అను మఱియొక ఫాంటును చేసెను. ఇదియు చతురపు పోకడ గలదే. అక్షరముల మూలలు గుండ్రముగా వంగక, వడ్రంగి పలక అంచులను చెక్కినట్లు ఏటవాలుగా తెగియుండును. మొదటిదానికి ఇది తోబుట్టువు వంటిది. అయితే దీనియందొక విశేషము గలదు. ఇది రూపము మార్చుకొనగల ఫాంటు.

ఆ విశేషమెట్టిదో చెప్పెదను. ఒకే అక్షరము సన్నముగను, మధ్యమముగను, లావుగను కావలసివచ్చును. శీర్షికకు లావు అక్షరము, వివరణకు సన్నని అక్షరము వాడుదుము గదా! పూర్వము ప్రతి లావునకును వేఱు ఫాంటు చేసి యుంచెడివారు. ఆక్సానియమ్‌ను విడివిడి ఫాంటులుగా పంచినచో అత్యంత సన్నము మొదలు అత్యంత లావు వరకు ఏడు అగును. రూపము మార్చుకొనగల ఫాంటులో ఏడింటికి బదులుగా ఒక్కటి చాలును. అంతియే కాదు, ఆ ఏడింటి నడుమ నుండు లావులన్నియు కూడ అందులోనే లభించును. ఆక్సానియమ్‌లో లావును 200 మొదలు 800 వరకు అంకెలతో కొలుతురు. 437 లావు కావలెనని కోరినను ఇచ్చును.

ఇదెట్లు సాధ్యమగును? మీ పాఠశాల మైదానములో గణతంత్రదినమున జరుగు డ్రిల్లును తలంచుకొనుడు. విద్యార్థులు కొందఱు నిలుచుండి 'అ' అను అక్షరమును సన్నముగా ఏర్పఱచిరనుకొనుడు. అదే విద్యార్థులు మఱికొంత ఎడముగా జరిగి అదే అక్షరమును లావుగా ఏర్పఱుపగలరు. ప్రతి విద్యార్థికిని తన మొదటి స్థానము తెలియును, రెండవ స్థానము తెలియును. డ్రిల్లు మాస్టరు ఈల వేసి, "అందఱును సగము దూరము మాత్రము నడచి నిలువుడు" అనెననుకొనుడు. అప్పుడేర్పడు అక్షరము సన్నమును కాదు, లావును కాదు, నడిమిది. పాతిక భాగము నడచి నిలిచిన మఱియొక రూపము వచ్చును. రెండు రూపములను నేర్పిన చాలును, నడిమి రూపములు ఎన్నియైనను వాటంతట అవే కలుగును.

ఫాంటులో విద్యార్థులకు బదులు చుక్కలుండును. అక్షరపు అంచున నిలిచిన చుక్కలను కలుపు గీతలే దాని రూపము. శిల్పి సన్నని రూపమును, లావు రూపమును గీయును. ప్రతి చుక్కయు ఒక రూపమునుండి రెండవ రూపమునకు ఎంత దూరము, ఏ దిక్కునకు జరుగవలెనో ఫాంటులో వ్రాసియుండును. తక్కినది కంప్యూటరు చేయు లెక్క. ఉదాహరణకు 200 లావున ఒక నిలువుగీత 20 పాళ్ల మందమనియు, 800 లావున 140 పాళ్ల మందమనియు అనుకొందము. 500 అనగా సరిగా సగము దారి; గీత మందము 80 పాళ్లగును. 350 అనగా పాతిక దారి; మందము 50 పాళ్లగును. ఏడవ తరగతి బాలుడును చేయగల లెక్క యిది.

లెక్క సులభమైనను పని సులభము కాదు. రెండు రూపములలోను చుక్కల సంఖ్య సమానముగా నుండవలెను. వాని వరుసయు తప్పరాదు. డ్రిల్లులో ఒక విద్యార్థి తగ్గినను, ఇద్దఱు తమ స్థానములను మార్చుకొన్నను అక్షరము మెలిపడును గదా! మొదటి రూపము బాగుండి, చివరి రూపమును బాగుండి, నడిమి రూపము వికారముగా నుండుటయు కలదు. కావున శిల్పి నడిమి రూపములను పలుమారులు చూచి చుక్కలను సర్దుచుండవలెను. లెక్క యంత్రమునకు వచ్చును. బాగోగులను నిర్ణయించునది కన్నే.

ఆటలో ఈ గుణము అలంకారము కాదు, అవసరము. చేతిలోని ఫోనుపై ఆడునప్పుడు అక్షరము చిన్నదగును. సన్నని గీతలు మాసిపోవును. కొంచెము లావు పెంచిన నిలుచును. నల్లని రంగముపై తెల్లని అక్షరము, తెల్లని రంగముపై నల్లని అక్షరముకన్న లావుగా కంటికి తోచును. వెలుగు చుట్టును వ్యాపించినట్లు కనబడుటయే దీనికి హేతువు. అప్పుడు లావు కొంచెము తగ్గింపవలెను. చోటును బట్టి, వెలుగును బట్టి అక్షరము తన్ను తాను సర్దుకొనగలుగుట చదువరి కంటికి గొప్ప మేలు.

ఈ ఆలోచన హఠాత్తుగా పుట్టినది కాదు. 1991లోనే అడోబీ సంస్థ ఇట్టి ఫాంటుల నొక విధమున ప్రవేశపెట్టెను. ఆ దశాబ్దముననే ఆపిల్ సంస్థయు వేఱొక విధమున యత్నించెను. అవి అప్పట అంతగా వ్యాప్తికి రాలేదు. 2016 సెప్టెంబరు 14న పోలండు దేశపు వార్సా నగరమున జరిగిన అక్షరశిల్పుల సభలో అడోబీ, ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్టు సంస్థలు నాలుగును కలిసి ఒకే పద్ధతిని ప్రకటించెను. వ్యాపారమున పోటీపడువారును అక్షరము విషయమున ఏకమైనగాని పని నెఱవేఱలేదు.

ఇక అనుమతిపత్రము మాట. ఈ ఫాంటులు 'ఓపెన్ ఫాంట్ లైసెన్సు' అను అనుమతిపత్రముతో పంచబడుచున్నవి. ఎస్.ఐ.ఎల్. అను భాషాసంస్థ తరఫున విక్టర్ గాల్ట్‌నీ, నికొలాస్ స్పలింజర్ అనువారు దీనిని రచించిరి. 2007లో వెలువడిన దాని 1.1వ కూర్పు నేటికిని వాడుకలో నున్నది. అది ఇచ్చు హక్కులు స్పష్టములు. ఫాంటును ఎవరైనను వాడుకొనవచ్చును, దాని లోపలి నిర్మాణమును పరిశీలించి నేర్చుకొనవచ్చును, మార్చవచ్చును, మార్చినదానిని పంచవచ్చును. దానితో అచ్చువేసిన పుస్తకముపై గాని, వ్రాసిన లేఖపై గాని ఎట్టి బంధనమును లేదు.

హక్కులతోపాటు విధులును గలవు. ఫాంటును ఒంటిగా అమ్ముకొనరాదు. వేఱొక వస్తువుతో చేర్చి అమ్మవచ్చును. పంచునప్పుడు కర్త పేరును అనుమతిపత్రమును కూడ చేర్చి పంచవలెను. మార్చినవాడు తాను మార్చినదానిని ఇతరులకు పంచినచో అదే అనుమతితో పంచవలెను. తెచ్చుకొన్నప్పుడు తెఱచియున్న తలుపును తాను మూయరాదు. మఱియొక షరతు మిక్కిలి చిత్రమైనది. కర్త కోరినచో ఫాంటు పేరును తనకు ప్రత్యేకముగా ఉంచుకొనవచ్చును. అట్లుంచుకొన్న యెడల, ఆ ఫాంటును మార్చినవాడు దానికి వేఱు పేరు పెట్టుకొనవలెను.

ఇందులోని న్యాయమును యోచింపుడు. ఒకడు అక్షరములను ఎట్లెట్లో మార్చి, అందు పొరపాట్లు చేసి, పాత పేరుతోనే వదలినచో ఆ అపకీర్తి మొదటి కర్తకు తగులును. కావున రూపమును అందఱికిని ఇచ్చి, నామమును కర్త యొద్ద నుంచిరి. జొనోటిక్ కథలో నామము పోయి రూపము నిలిచినది. ఇక్కడ నామమును నిలిపి రూపమును దానము చేసిరి. రెండు చోట్లను నీతి యొక్కటియే. పేరు ఒకరిదైనను, పని పదుగురిదైనప్పుడు అది బ్రతుకును. పదుగురిదైన పని బ్రతుకుటకు సద్భావ మొక్కటియే చాలదు. హక్కులను విధులను ముందుగా వ్రాసియుంచవలెను.

మన భాషకు దీనితో గల సంబంధమేమి? ఆక్సానియమ్ లాటిన్ లిపికి చెందినది. అందు తెలుగు అక్షరములు లేవు. అయినను అదే అనుమతిపత్రముతో, అదే మార్పుపద్ధతితో తెలుగునకును ఫాంటులు వచ్చినవి. ముంబయి నగరపు ఏక్ టైప్ సంస్థ చేసిన 'అనేక్' అను కుటుంబము తొమ్మిది భారతీయ లిపులకును లాటిన్ లిపికిని సిద్ధమైనది. అందలి 'అనేక్ తెలుగు'లో లావును 100 మొదలు 800 వరకును, వెడల్పును 75 మొదలు 125 పాళ్ల వరకును మార్చుకొనవచ్చును. ఆ సంస్థవారిదే 'బలూ' అను మఱియొక కుటుంబము గలదు. తెలుగులో దానికి 'బలూ తమ్ముడు' అని ముద్దుపేరు పెట్టిరి.

తెలుగు అక్షరశిల్పి పడు శ్రమ లాటిన్ శిల్పి శ్రమకంటె పెద్దది. అచ్చులు, హల్లులు, గుణింతములు, ఒత్తులు కలిసి వందలకొలది రూపములగును. లావు పెంచినకొలది గుండ్రని అక్షరముల లోపలి ఖాళీలు పూడిపోవును; క్రింది ఒత్తు పై అక్షరమును తాకును. 'ప'కును 'వ'కును, 'మ'కును 'య'కును గల చిన్న భేదము మాసిపోరాదు. తలకట్టు అతుక్కొని యున్నదా లేదా అను దానిపైననే పకార వకారముల వివేకము ఆధారపడియున్నది గదా! 8కిని 3కును భేదము తెలియక ఆటగాడు ఓడినట్లే, 'పాలు' అనుటకు 'వాలు' అని చదివిన చదువరియు ఓడును.

ఆటలలో తెలుగు అరుదుగా కనబడుటకు కారణము భాషలో లేదు. తెలుగు అక్షరము తెరపై చక్కగా నిలుచుటకు శ్రమపడినవారు చాలక పోవుటయే ప్రధానకారణము. పూర్వము 64 గళ్లలో 'స్త్రీ' అక్షరమునకు చోటు లేకపోయెను. నేడు చోటున్నది; పద్ధతి యున్నది; తెఱచిన తలుపున్నది. ఒక విద్యార్థి అనుమతిగల ఫాంటును తెఱచి, దాని చుక్కలు ఎట్లు నిలిచినవో చూచి, తాను నేర్చుకొని, ఆ చతురపు పోకడకు తగిన తెలుగు అక్షరములను చేర్చి, తన పేరు పెట్టుకొని, మరల లోకమునకు ఈయవచ్చును. ఎవరిని బతిమాలవలసిన పని లేదు. ఒక్కటే విధి: తాను పొందిన స్వేచ్ఛను తరువాతివానికిని మిగుల్పవలెను.

మన గ్రామములలో దారిప్రక్క చెట్టు నాటిన పుణ్యాత్ములు ఆ నీడకు వెల కట్టలేదు. నాటినవాని పేరు చెట్టునకు నిలిచియుండవచ్చును. నీడ మాత్రము బాటసారులదే. చెట్టును నఱకక, వీలైనచో ప్రక్కన మఱియొక మొక్కను నాటి పోవుటయే బాటసారి ధర్మము. ఆట కొఱకు పుట్టిన యీ అక్షరములును అట్టి దారిప్రక్క చెట్లే.

ప్రశ్నలు

1. ఆటలోని అక్షరమునకు 'రెండవ అవకాశము లేదు' అని ఏల చెప్పబడినది?

2. 8 గళ్ల చతురములో 50 గుర్తులను నిలుపుటకు ఎన్ని బైట్లు కావలెను? లెక్కించి చూపుడు.

3. డ్రిల్లు ఉదాహరణము వలన రూపము మార్చుకొనగల ఫాంటును గూర్చి మీరేమి గ్రహించితిరి? పాఠములోని ఉదాహరణమున 650 లావు కోరినచో గీత మందమెంత?

4. జొనోటిక్ కథలోను, ఫాంటు అనుమతిపత్రములోను నామరూపముల విషయమున గల పోలికను, భేదమును వ్రాయుడు.

5. తెలుగు అక్షరములలో సులభముగా పొరబడదగిన జతలను మఱి కొన్నింటిని మీ పుస్తకములనుండి ఏరి వ్రాయుడు. వానికి భేదము తెలియునట్లు మీరు ఎట్లు గీయుదురో చూపుడు.